ఖాళీగా వదలవలసిన గడి

తడి కుంకుమకు ఒక వాసన ఉంటుంది. భరిణెలో పొడిగా ఉన్నంతసేపూ తెలియదు. వేలు తడిచేసి అద్దితే మాత్రం పసుపూ, నిమ్మరసమూ, పాత ఇత్తడీ కలిసినట్టు ముక్కుకు తగులుతుంది. మొన్న శ్రావణ శుక్రవారం పొద్దున్నే ఆ వాసన మా గుమ్మంలోకి వచ్చింది. ఎదురింటి వరలక్ష్మిగారు భరిణె పట్టుకుని నిలబడ్డారు. మా కోడలు పద్మ ఆసుపత్రిలో నర్సు, అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయింది. "పద్మ లేదాండీ? పర్లేదులెండి, గుమ్మానికి పెట్టేసి వెళ్తాను. సాయంత్రం పేరంటానికి పంపించండి" అంటూ ఆవిడ వేలు కుంకుమలో ముంచారు. మా వైపు ఆనవాయితీ అది. పిలవవలసిన మనిషి ఇంట్లో లేకపోతే గుమ్మానికి బొట్టు పెట్టి వెళ్తారు. ఆ బొట్టు పడ్డాక పిలవలేదని ఇంటివాళ్ళు అనడానికి లేదు, రానని ఆ మనిషి అనడానికీ లేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ గుమ్మంలో నిలబడి "ఆయ్, వస్తుందండి" అని కోడలి తరఫున మాట ఇచ్చేస్తున్నది నేనే. ఆ పూట మాత్రం నా చెయ్యి దానంతటది లేచి అడ్డం వెళ్ళింది. వరలక్ష్మిగారి వేలు గాలిలో ఆగిపోయింది. ఎందుకు అడ్డం పెట్టానో ఆవిడకి తెలియదు. నాకైనా తెలుసునా అంటే సగమే తెలుసు. ఆ సగం పేరు ఎస్తేరు.

ఎస్తేరు మా మేడమీద గదిలో అద్దెకు ఉన్న మనిషి. నలభై దాటిన వయసు, బక్కపలచటి ఒళ్ళు, బోసి నుదురు, మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ. వాళ్ళది కాట్రేనికోన. తండ్రి బడిపంతులుగా చేసి పోయాడు. తల్లి అక్కడే కొడుకు దగ్గర ఉండేది. ఆదివారం తెల్లవారగానే ఎస్తేరు బస్సెక్కి వెళ్ళి, తల్లిని చెయ్యి పట్టుకుని చర్చికి నడిపించి, సాయంత్రానికి తిరిగి వచ్చేది. అంతకుముందు హైదరాబాదులో ఏదో కంపెనీలో చేసిందట. తల్లికి నడక తప్పుతోందని అది వదులుకుని, ఎక్కడో పరాయిదేశంలో ఉన్న వాళ్ళకి ఇంట్లో కూర్చునే చేసిపెట్టే పని సంపాదించుకుని ఇటు వచ్చేసింది. కాట్రేనికోనలో ఇంటర్నెట్టు నిలవదు కాబట్టి అమలాపురంలో గది కావలసి వచ్చింది. "ఈ పని ఉన్నన్నాళ్ళూ అమ్మకి దగ్గరగా ఉంటానండి. ఇది పోతే మళ్ళీ హైదరాబాదేనండి" అని గది చూడటానికి వచ్చిన రోజే చెప్పేసింది. అద్దెకు వచ్చేవాళ్ళెవరూ ఇలాంటి మాట ముందుగా చెప్పరు. అది నిజాయితీ అనుకోవాలో, తెలివితక్కువ అనుకోవాలో తోచలేదు. నీళ్ళ మోటారు పొద్దున ఒక్కసారే వేస్తాననీ, మెట్ల దగ్గర లైటు ఊరికే వెలగనివ్వననీ నేనూ ముందే చెప్పాను. "ఆయ్" అంది. ఆ ఒక్క ముక్కతో మా ఒప్పందం అయిపోయింది.

ఆమె చేసే పని ఏమిటో అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. పూర్తిగా అర్థమైందని ఇప్పటికీ ప్రమాణం చెయ్యలేను. నేను బడికి వెళ్ళింది రెండు పలకలు అరిగేవరకే. ఒకరోజు వరండాలో కొబ్బరి తురుముతూ ఆమెను నిలదీశాను. "పొద్దస్తమానం ఆ పెట్టె ముందు కూర్చుని ఏం చేస్తావమ్మా?"

"ఒకే ఉత్తరం చాలామందికి ఒకేసారి వెళ్ళే ఏర్పాటు ఉంటుందండి మామ్మగారూ. సంఘాలవాళ్ళు, చర్చిలవాళ్ళు, డాక్టర్లు వాడుకుంటారు. ఆ ఉత్తరం కావాలనుకున్నవాళ్ళు ముందు పేరు ఇచ్చుకోవాలి కదండీ. పేరిచ్చుకునే పేజీ నేను గీస్తాను."

"గీసినందుకు జీతమా?"

"గీసినందుకు, కాపలా కాసినందుకు."

"పేజీకి కాపలా దేనికి?"

"దొంగపేర్లు పడతాయండి."

"నా పేరు నేనిస్తే దొంగపేరు ఎలా అవుద్ది?"

"మీ పేరు మీరు ఇవ్వరండి. ఇంకెవడో ఇస్తాడు. వాడైనా చేత్తో ఇవ్వడండి, కంప్యూటరుకి పురమాయిస్తాడు. ఇప్పుడూ, మీకు పడనివాడొకడు బజార్లో ప్రతి కొట్టుకీ వెళ్ళి, మామ్మగారింటికి సరుకు పంపమన్నారని చెప్పేడనుకోండి…"

"నాకు పడనివాళ్ళెవరున్నారు?"

"లేరండి. ఊరికే అనుకోండి."

"అనుకోడానికైనా ఒక పేరుండాలి కదా."

ఆమె నా మొహం చూసి, నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. "సరేనండి, నాకు పడనివాడనుకుందాం. వాడి మూలంగా మీ గుమ్మం నిండా బస్తాలు పడిపోతాయి. ఆ బస్తాల మధ్య మీకు రావలసిన అసలు ఉత్తరం కనపడదు."

"దానివల్ల వాడికేంటి లాభం?"

"చాలాసార్లు ఏమీ ఉండదండి."

అక్కడే నా బుర్ర ఆగిపోయింది. దొంగతనం నాకు అర్థమవుతుంది. కొబ్బరికాయ పోయిందంటే ఎవరో తిన్నారు, లేదా అమ్ముకున్నారు. పైసా లాభం లేకుండా కూర్చుని, మొహం తెలియనివాళ్ళ గుమ్మాలు నింపేవాడి మనసు ఎలా ఉంటుందో ఎంత ఆలోచించినా నాకు అందలేదు. ఇప్పుడూ అందదు.

ఆమె దగ్గర నాకు పని ఎలా దొరికిందో చెప్పాలి. అవును, నాకు జీవితంలో ఒకే ఒక్క పైఅధికారి ఉంది, అది మా అద్దెమనిషి. ఎస్తేరు ఏ పేజీనైనా ముందు కాగితం మీద గీసేది, అదీ వాడేసిన క్యాలెండరు వెనక వైపు. అది చూసే ఆమె మీద నాకు గౌరవం పుట్టింది. గళ్ళు పెన్సిలుతో గీసి, నొక్కవలసిన బొత్తాలు విడిగా కత్తిరించి వాటి మీద పెట్టేది. ఒక మధ్యాహ్నం ఆ సరంజామా అంతా పళ్ళెంలో పెట్టుకుని కిందకి దిగింది. "మామ్మగారూ, ఇది ఫోను అనుకోండి. మీకు ఈ ఉత్తరం కావాలి. ఏం చేస్తారో చెయ్యండి. నేను పక్కన కూర్చుంటాను."

"ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను."

"చెప్పనండి. చెప్తే పరీక్ష పోతుంది."

చెప్పలేదు కూడాను. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా నన్నే చూస్తూ కూర్చుంది. పెద్దదాన్ని కళ్ళు చికిలించుకుని తంటాలు పడుతుంటే ఈ మనిషికి వేలెత్తి చూపించే మర్యాద కూడా లేదేమిటి అని ఒళ్ళు మండింది. నేను ఒక కాగితం బొత్తాం మీద వేలు పెట్టాను. "ఇది నొక్కితే ఏమవుద్దనుకుంటున్నారండి?" అంది. "కాగితం చిరుగుద్ది" అన్నాను. నవ్వకుండా అదీ రాసుకుంది. నేను తప్పుచోట నొక్కినప్పుడల్లా "మీ తప్పు కాదండి, పేజీది" అనేది. మొదట్లో అది వెటకారం అనుకున్నాను. నా చిన్నప్పుడు పలక మీద తప్పు వస్తే అది పలక తప్పని ఏ పంతులూ అనలేదు. కానీ మర్నాడు చూస్తే నేను తడబడిన బొత్తాం నిజంగానే జరిగి వేరేచోట ఉండేది. నా కోసం ఒక వస్తువు జరగడం అదే మొదటిసారి.

జీతం సంగతి ఎత్తితే వద్దన్నాను. ఊరికే మాత్రం చెయ్యలేదు. మేడమీద తులసి కుండీలకి, బట్టల తీగకి ఆమెను కాపలా పెట్టాను. ఒకరి గుమ్మానికి ఒకరం కాపలా అన్నమాట.

ఆ కాగితం ఆటలో చివర ఒక బొత్తాం ఉండేది. పేరు ఇచ్చాక, ఆ మనిషికే ఒక చీటీ వెళ్తుంది. అందులో "మీ పేరు ఎవరో ఇచ్చారు. మీరేనా?" అని ఉంటుంది. కింద బొత్తాం మీద "అవును, నేనే" అని రాసి ఉంటుంది. అది నొక్కితేనే చేరినట్టు. లేకపోతే ఆ పేరు తీసేస్తారు. నాకు నచ్చలేదు. "ఒకసారి ఇచ్చాక మళ్ళీ అడగడమేంటి? మనిషి మాట మీద నమ్మకం లేదా?"

"మీ మాట మీద ఉందండి. మీ పేరు చెప్పినవాడి మాట మీద లేదు."

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన పద్మ, చెప్పులు విప్పుతూ గుమ్మానికేసి చూసింది. అక్కడ ఎవరో పెట్టి వెళ్ళిన బొట్టు ఎర్రగా ఉంది. నేను ఎవరికో "ఆయ్" అని ఉంటాను. "ఎస్తేరుగారూ, ఆ బొత్తాం ఇంకోటి కత్తిరించి మా గుమ్మానికి కూడా అంటించండి" అంది. అని, నవ్వుతూనే, మొహం కడుక్కుని చీర మార్చుకుని పేరంటానికి వెళ్ళిపోయింది. నాకు వినపడనట్టు ఊరుకున్నాను. ఎస్తేరు చేతులు తొడల కిందే ఉంచుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక పూట మేడమీద నుంచి పోపు వాసన రాలేదు. మధ్యాహ్నం కరివేపాకు కోసం దిగినప్పుడు ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల్లికేమైనా అయిందేమోనని అడిగాను. కాదంది. ఎక్కడో దూరదేశంలో ఒక ముసలాయనకి ఆమె పేజీ నుంచీ, అలాంటి ఇంకెన్నో పేజీల నుంచీ "మీరేనా, మీరేనా" అనే చీటీలు వానలా పడ్డాయట. ఎవడో యంత్రం చేత ఆయన పేరు అన్నిచోట్లా ఇప్పించాడు. ఆయన భార్యకి ఆపరేషను రోజు చెప్పే ఉత్తరం ఆ వానలో మునిగిపోయింది. ఆయన ఎస్తేరుకి రాసింది ఒక్క ముక్కే, దయచేసి ఆపండి అని.

"నువ్వు పంపలేదు కదా" అన్నాను.

"నా గుమ్మంలోంచే వెళ్ళేయండి."

"మంచికే కదా అడిగావు, మీరేనా అని."

"తలుపు తట్టడం కూడా ఎక్కువైతే బాదడమేనండి."

పనిచ్చినవాళ్ళు కూడా ఆమెను గట్టిగానే అడిగారు. దొంగపేర్లు ఆగకపోతే వాళ్ళ ఉత్తరాలన్నిటినీ లోకం చెత్తబుట్టలో వేసేస్తుందట, అప్పుడు మంచి ఉత్తరాలూ ఎవరికీ చేరవు. ఆగితేనే ఆమె పని నిలుస్తుంది. ఎస్తేరు కొన్నాళ్ళు కిందకి దిగలేదు. పేజీకి ఏదో కొత్త కాపలా పెట్టింది. ఏమిటో నేను అడగలేదు. దొంగపేర్లు చాలావరకు ఆగిపోయాయని మాత్రం చెప్పింది. ఆ ఆదివారం తల్లికి కాజాలు పట్టుకెళ్ళింది.

కొత్త కాపలాని అసలు మనుషుల మీద పరీక్షించాలని ఎస్తేరు ఒక చిన్న ఉత్తరం మొదలుపెట్టింది. ప్రతి శుక్రవారం ఒక వంట. వంట చెప్పేది నేను, రాసేది ఆమె. ఆవపెట్టిన పనసపొట్టు, కంద బచ్చలి, నూనె తక్కువతో వంకాయ. వీధిలో ఆడవాళ్ళు, పద్మతో పనిచేసే నర్సులు పేర్లు ఇచ్చుకున్నారు. నాకప్పటికి కళ్ళలో శుక్లాలు ముదిరి, తెర మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఫోను దానంతటది పైకి చదివి వినిపించే ఏర్పాటు మా అబ్బాయి పెట్టించాడు. వేలు జరిపితే అది చదువుతుంది, నేను నోటితో చెప్తే అది రాసుకుంటుంది. ఎస్తేరు సాయం లేకుండా నేనే పేరు ఇచ్చుకుని ఆమెను ఆశ్చర్యపరచాలనుకున్నాను. ఇచ్చాను. ఫోను "ధన్యవాదాలు" అంది. ఎంత ముచ్చటగా అందో.

ఉత్తరం రాలేదు. "మీరేనా" అని అడిగే చీటీ కూడా రాలేదు. మర్నాడు వరలక్ష్మిగారు గోడ మీంచి "మామ్మగారూ, మీ పనసపొట్టు చేసేనండి, మా ఇంట్లో గిన్నె నాకేశారు" అన్నారు. పద్మకి వచ్చింది. ఆసుపత్రిలో ఊడ్చే మనిషికి వచ్చింది. నా కూర అందరి ఫోనుల్లోకీ వెళ్ళింది, నా దగ్గరకి తప్ప. పై వారమూ అంతే. అడగడానికి నాకు నామోషీ. మోటారు సంగతిలో నేనన్న మాటలు మనసులో పెట్టుకుందనుకున్నాను. ఇంకోసారి, వంటలన్నీ రాసేసుకుంది, ఇక నాతో పనేముంది అనుకున్నాను. మేడమీదకి పెరుగు పంపడం మానేశాను. ఆమె మెట్ల మీద ఎదురైతే "ఏమ్మా" అనడం కూడా మానేశాను. పాపం, ఏం తప్పు చేసిందో తెలియక ఎస్తేరు బట్టలు తీసేటప్పుడు నా చీరలు కూడా మడతపెట్టి మెట్ల మీద ఉంచి వెళ్ళేది. మడత సరిగ్గా లేదని మళ్ళీ విప్పి మడతపెట్టేదాన్ని.

చివరికి పద్మ బయటపెట్టింది. అన్నం వడ్డిస్తూ "ఈ వారం మీ కంద బచ్చలి ఎస్తేరుగారు చాలా బాగా రాశారండి అత్తయ్యగారూ" అంది. "నాకెవరు పంపారు గనక" అన్నాను. ఆ మాట ఎంత కటువుగా వచ్చిందో, పద్మ గరిటె అక్కడే పెట్టి మేడమీదకి వెళ్ళింది. ఎస్తేరు చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వచ్చింది.

"మీరు పేరిచ్చేరా? ఎప్పుడండీ? నా దగ్గర మీ పేరే లేదండి."

"ఇచ్చాను. ధన్యవాదాలు అని కూడా అంది."

ఆ మాటకి ఆమె మొహంలో రంగు మారింది. నా పక్కన నేల మీద కూర్చుని, చేతులు తొడల కింద పెట్టుకుంది. "మళ్ళీ ఒక్కసారి అలాగే చెయ్యండి మామ్మగారూ. నేనేం మాట్లాడను."

చేశాను. ఫోను "పేరు" అంది, చెప్పాను. "ఉత్తరం అందవలసిన చిరునామా" అంది, మా అబ్బాయి నేర్పింది చెప్పాను. తర్వాత "రాయవలసిన గడి" అని మాత్రం అని ఊరుకుంది. దేనికో చెప్పలేదు. నేను "లేదు" అన్నాను. మా ఆయన నేర్పిన పద్ధతి అది. కాగితం మీద ఖాళీ వదిలితే ఎవడైనా మన పొలం రాసుకుంటాడనేవారు. నింపడానికి ఏమీ లేకపోతే "లేదు" అని రాయాలి, లేదా అడ్డంగా గీత కొట్టాలి. బ్యాంకులో, రేషను దగ్గర, ఎక్కడైనా నేను చేసేది అదే. ఫోను "ధన్యవాదాలు" అంది.

ఎస్తేరు నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది, వేలు తెగినప్పుడు వచ్చేలాంటిది.

"ఆ గడి మనుషులకి కనపడదండి. తెర మీద దాచేసేను. యంత్రాలకి మాత్రమే కనపడుతుంది. అవి ఏ గడి దొరికితే అది నింపేస్తాయి. అది నిండిందంటే యంత్రమని లెక్క. మీ ఫోను కళ్ళతో చూడదు కదండీ, దాచినదీ చదివేసింది. నేను చూసుకోలేదు."

"అంటే నేను యంత్రాన్నా?"

"ఆయ్… అంటే, పేజీకి అలా కనపడ్డారండి."

"మరి ధన్యవాదాలు అందే?"

"యంత్రానికి పట్టుబడ్డానని తెలియకూడదండి. తెలిస్తే ఇంకో దారి వెతుకుతుంది. అందుకని ధన్యవాదాలు చెప్పి పారేస్తాం."

"పారేసి ధన్యవాదాలు చెప్తుందా! అలా చెప్పమన్నదెవరు?"

"నేనేనండి."

పద్మ తలుపు దగ్గర నిలబడి, "మన ఊరివాళ్ళు రాసిన పేజీ కదండీ. మనం 'ఆయ్, వస్తామండి' అని వెళ్ళడం మానేస్తాం చూడండి, అలాగే" అంది. ఎస్తేరు నవ్వలేదు. "నిజమేనండి" అంది నెమ్మదిగా. "కాదు అని చెప్పడం నాకు చేతకాదు. ఆ జబ్బు పేజీకి అంటించేను."

తర్వాతి రోజుల్లో మేడమీద నుంచి ఆమె ఇంగ్లీషులో మాట్లాడటం వినపడేది. నాకేమీ అర్థమయ్యేది కాదు. ఒకే ఒక్క ముక్క అర్థమయ్యేది. ఆ ఇంగ్లీషు మధ్యలో మాటిమాటికీ "మామ్మగారు" అనేది. ఏ దేశంవాడితోనో నా సంగతి ఎందుకని కంగారుపడి అడిగాను.

"ఆ గడి తీసేస్తానన్నానండి. వాళ్ళు వద్దంటున్నారు. అన్ని దొంగపేర్లు ఆగుతుంటే ఒకరో ఇద్దరో పోతే పోనీ అంటున్నారు."

"నువ్వేమన్నావు?"

"ఆ ఒకరిద్దరిలో ఒకావిడ నేను మెట్లు దిగినప్పుడల్లా కనపడతారని చెప్పేను."

నాకు భయం వేసింది. నా వయసులో నా మూలంగా ఒకరి పని పోవడం నాకు ఇష్టం లేదు. "ఉంచెయ్యమ్మా ఆ గడి. ఈసారి ఖాళీగా వదిలేస్తాలే. నా ఒక్కదాని కోసం మీ అమ్మని వదిలి హైదరాబాదు పోతావా?"

"మీరు వదిలేస్తారండి, మీకు తెలిసింది కాబట్టి. తెలియనివాళ్ళు ఎదురుచూస్తూ కూర్చుంటారు. మీరెన్ని వారాలు నాతో మాట్లాడకుండా ఉన్నారండి? వాళ్ళు ఎవరి మీద కోపం పెట్టుకున్నారో నాకెలా తెలుస్తుంది?"

"ఆ ముసలాయన మాటో మరి? ఆయన గుమ్మం?"

ఆమె తులసి కుండీలో ఎండిన ఆకులు ఏరుతూ, "అదేనండి తేలనిది" అంది. "ఇటు తెరిస్తే ఆయన మీద పడతాయి. అటు మూస్తే మీరు బయట ఉండిపోతారు."

ఆమె చివరికి చేసిందేమిటో నాకు అర్థమైనంతవరకు చెప్తాను. చదివి వినిపించే ఫోన్లకి కూడా కనపడకుండా ఆ గడిని దాచింది. అయినా ఎవరైనా నింపితే పేజీ ధన్యవాదాలు చెప్పదు. "మిమ్మల్ని చేర్చుకోలేదు. ఇక్కడ యంత్రమేమోనని అనుమానం వచ్చింది. మీరు మనిషైతే ఇలా చెయ్యండి" అని ఉన్నమాట చెప్తుంది. యంత్రాలు ఆ ఉన్నమాట చదువుకుని తెలివి మీరాయి. మళ్ళీ దొంగపేర్లు పెరిగాయి. ఎస్తేరు తిండీ తిప్పలూ చూసుకోకుండా వాటిని చేత్తో ఏరింది. ఒక ఆదివారం కాట్రేనికోన కూడా వెళ్ళలేదు. తర్వాత తగ్గాయట, అయితే మునుపున్నంత కాదు. ఆమె ఒప్పందం గడువు వచ్చినప్పుడు పనిచ్చినవాళ్ళు చాలా మర్యాదగా ఉత్తరం రాశారు. ఆమె పని చాలా మెచ్చుకున్నారు, ధన్యవాదాలు చెప్పారు. ఒప్పందం పొడిగించలేదు. ఆ ఉత్తరం నాకు తెలుగులో చదివి వినిపించి, "చూశారా మామ్మగారూ, నాకూ చెప్పేరు ధన్యవాదాలు" అంది. అప్పుడు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గది ఖాళీ చేసిన రోజు ఇక వదిలి ఉండలేనని తల్లిని కూడా కారులో తీసుకువచ్చింది. అదే కారులో హైదరాబాదు వెళ్ళాలి. ఆ పెద్దావిడ మా వరండాలో కూర్చుని నేనిచ్చిన మజ్జిగ తాగి, "అక్కడ చర్చిలో తెలుగు ఉంటుందంటావా అమ్మా?" అని కూతుర్ని అడిగింది. "ఉంటుందమ్మా" అంది ఎస్తేరు. నేను తల దించుకున్నాను. వెళ్ళేటప్పుడు ఎస్తేరు నా చేతులు పట్టుకుంది. ఏం చెప్పాలో తెలియక మోటారు ఆపానో లేదో చూసి వస్తానని లోపలికి వెళ్ళిపోయాను. మోటారు ఆపే ఉంది.

ఆమె చేసింది సరైన పనేనా అని చాలాసార్లు ఆలోచించాను. మొహం తెలియని ఒకరిద్దరి కోసం కన్నతల్లికి అలవాటైన చర్చి లేకుండా చేసింది. ఎటు కూడినా ఆ లెక్క నాకు సరిపోదు. కానీ కళ్ళకి ఆపరేషను అయ్యాక కూడా ఏదైనా కాగితం నా ముందు పెడితే, ఖాళీ గడి దగ్గర నా చెయ్యి ఆగుతోంది. ఇది నేను నింపవలసిందేనా, ఇంకొకరిదా అని.

వరలక్ష్మిగారి వేలు గాలిలో ఉండగానే, "పద్మ మధ్యాహ్నం వస్తుంది. ఆమెనే అడగండమ్మా. నేను చెప్పలేను" అన్నాను.

"అదేంటండీ, ఎప్పుడూ మీరే చెప్తారు కదండీ!"

"చెప్పేదాన్ని."

ఆవిడ భరిణె మూత బిగించుకుని, ఒకసారి నావైపు తేరిపార చూసి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం పద్మ వచ్చింది. చెప్పులు విప్పుతూ అలవాటుగా గుమ్మానికేసి చూసింది. "ఇవాళ ఎవరూ పిలవలేదాండీ?"

"ఎదురింటావిడ వచ్చారు. నిన్నే అడగమన్నాను."

పద్మ ఒక చెప్పు కాలికి ఉండగానే నిలబడిపోయింది. "వెళ్ళమంటారా?"

"నన్నడుగుతావేంటి? నీకు వెళ్ళాలనుందా?"

పద్మ గుమ్మానికి ఆనుకుంది. "కాళ్ళు పీకుతున్నాయండి" అంది. "పడుకోవాలనుంది." ఇన్నేళ్ళ కాపురంలో ఆ పిల్ల నాతో ఆ మాట అనడం మొదటిసారి. నాకు కోపం వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. ఏం వచ్చిందో కూడా తెలియలేదు.

"అయితే ఆ మాట వెళ్ళి చెప్పిరా."

"ఆయ్ అనేసి ఊరుకుంటే పోలేదా అత్తయ్యగారూ? అందరూ చేసేదే కదండీ."

"ఊరుకుంటే ఆవిడ నీ వంతు శనగలు కూడా నానబోసుకుంటుంది. దండగ. రానంటే రానని చెప్పు."

పద్మ విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కుని వీధి దాటింది. "ఇవాళ రాలేనండి వదినగారూ" అనడం వినపడింది. అవతలి నుంచి ఏం జవాబు వచ్చిందో లారీ మోతలో వినపడలేదు. నేను గుమ్మంలోనే నిలబడి పైకి చూశాను. ప్రతి శ్రావణంలోనూ ఎర్రగా ఉండే చోట ఏమీ లేదు, పసుపు రాసిన చెక్క తప్ప. ఖాళీ కనపడితే నా తరఫునో, ఇంకొకరి తరఫునో ఏదో ఒకటి రాసేసే చెయ్యి నాది.

ఆ చోటు అలాగే వదిలేశాను.